మండలానికి ఒక్క మాయ

దిబ్బలవలస మండలంలో ఎవరికైనా తేలని పని ఒకటి ఉంటే, మండలాఫీసు మూడో గదిలో బల్ల ముందు కూర్చుని, తామేం చేయబోతున్నారో నోటితో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకె చూసి బల్లకు అవతల ఉన్న అధికారి ఏం జరిగిందని చెబుతాడో, బయట సరిగ్గా అదే జరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు, పక్క మండలాల్లోనూ అంతే. మంగళ, శుక్రవారాల్లో పదింటి నుంచి ఒంటిగంట దాకా పాచిక వేయిస్తారు. రెండు ఫొటోలు, పాత్ర పత్రం నకలు తెచ్చుకోవాలి. తప్పిపోయిన మేక, ఎంతకీ కుదరని పెళ్ళి సంబంధం, వరదలో ఏటికి అవతల ఉండిపోయిన అల్లుడు, ఇలాంటివన్నీ ఆ బల్ల మీదే తేలతాయి. చెప్పులు మాత్రం గుమ్మం బయట విడవాలి.

పాత్ర పత్రం అంటే మరేం లేదు. ఈ మనిషికి బలం ఎంత, చురుకు ఎంత, తెలివి ఎంత, ఓర్పు ఎంత అని ఒకటి నుంచి ఇరవై లోపు అంకెలు వేసి, తహసీల్దారు ముద్ర కొట్టి ఇచ్చే కాగితం. పుట్టిన మూడు నెలల్లోగా తీసుకోకపోతే అపరాధ రుసుము. దిబ్బలవలస ఆడవాళ్ళ పత్రాల్లో ఓర్పు అనే గడిలో పదిహేడు కన్నా తక్కువ ఎప్పుడూ కనబడదు. అది ఎవరూ కొలిచి వేసింది కాదు. ఆ గడి ముందే అచ్చయి వస్తుంది.

బల్లకు అవతల కూర్చునేవాణ్ణి కథనాధికారి అంటారు. దిబ్బలవలస కథనాధికారి పేరు పొట్నూరు భానోజీరావు. యాభై ఆరేళ్ళవాడు, ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. మనిషి చూడ్డానికి బక్కపలచగా, అరిగిపోయిన చీపురులా ఉంటాడు గానీ, నోరు విప్పాడంటే చెప్పొద్దూ, పాలకి వచ్చిన పిల్ల కూడా గిన్నె పక్కన పెట్టి కూర్చుంటుంది. ఆయన ముందు మూడు మడతల అట్ట ఒకటి అడ్డంగా నిలబెట్టి ఉంటుంది. దాని వెనక తన పాచిక తాను వేసుకుని, కళ్ళు సగం మూసి, “అప్పుడేమైందంటే...” అని మొదలుపెట్టేవాడు. పనేమీ లేకపోయినా ఆ మాటలు వినడానికే జనం వరండాలో చేరేవారు. ఆయనకు అది తెలుసు. తెలియనట్టు ఉండేవాడు గానీ, శుక్రవారం పొద్దున వరండాలో తలకాయలు లెక్కపెట్టుకోకుండా ఏనాడూ కూర్చోలేదు.

ఆ ఉద్యోగానికి నిబంధనలు నూట నలభై ఉన్నా, పెద్దవాళ్ళు ముఖ్యంగా నూరిపోసేది పదకొండో నిబంధన. తేలిన పనికి పాచిక వేయించరాదు. అన్నం తింటాను అన్నవాడి చేత, బస్సు దిగుతాను అన్నవాడి చేత పాచిక వేయించకూడదు. ఎందుకంటే ఇరవై ముఖాల్లో ఒక ముఖం మీద ఒకటి ఉంటుంది, ఒకటి పడితే చెడుపు తప్పదు. రోజూ సుఖంగా అన్నం తినేవాడి చేత ముద్దముద్దకీ పాచిక వేయిస్తే ఇరవయ్యో ముద్ద వాడి గొంతుకు అడ్డంపడుతుంది. అంతే లెక్క. వేయించనంత వరకు లోకం తన దారిన తాను నడుస్తుంది, వేయించాక మాత్రం పాచిక మాటే మాట. ఒకసారి తేలినదాన్ని మళ్ళీ వేయించడం కూడా కుదరదు.

ఒకప్పుడు ఈ మండలంలో మాయకు కొదవ లేదు. ముసలమ్మలు పిండి రుబ్బడానికి భూతాన్ని పిలిచేవారు. కుర్రకారు ఎగురుకుంటూ సినిమాకి వెళ్ళేవారు. పోయినవాళ్ళు పదకొండో రోజుకి లేచి వచ్చి తమ దినం గారెలు తామే తిని, నూనె బాగోలేదని వంకలు పెట్టేవారు. చెయ్యి విరిగితే ఆకు పసరు రాసినంత తేలిగ్గా ఒక మంత్రం రాసేవారు. దాంతో జనం ఎవరికీ జడవడం మానేశారు. ప్రభుత్వానికి ఇది మంచి లక్షణంగా తోచలేదు. నిపుణుల సంఘం వేశారు, సంఘం మూడేళ్ళు తిరిగింది, చివరికి రాష్ట్రమంతటా తక్కువ మాయ పథకం అమల్లోకి వచ్చింది.

ఆ పథకం మీద శిక్షణకి కథనాధికారులందర్నీ విశాఖపట్నం పిలిచి, మూడు రోజులు భోజనం పెట్టారు. శిక్షణ ఇచ్చినాయన పేరు డాక్టర్ వడ్డాది వేణుమాధవ్. ఇస్త్రీ నలగని మనిషి. మాయ ఎక్కువైతే కథ చప్పబడిపోతుందని ఆయన చెప్పాడు. దారిలో ప్రతి మలుపులోనూ మందు సీసా దొరుకుతుంటే గాయానికి విలువేముంటుందని అడిగాడు. జనం తెలివి వాడాలి, చెమటోడ్చాలి, పడాలి, పడితే దెబ్బ తగలాలి, తగిలిన దెబ్బ నెలల తరబడి మానకూడదు, అప్పుడే బతుకులో పస ఉంటుందని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భానోజీరావు అందరికన్నా గట్టిగా కొట్టాడు. కథ చెప్పేవాడికి ఆ మాటల్లో ఒప్పుకోకుండా ఉండలేని నిజం ఏదో ఉంది మరి, ఆయన్ని అని లాభం లేదు.

పోయిన మాయకు బదులుగా కార్డుకి ఇంత అని సరంజామా పంచారు. ముప్పై మూరల తాడు, ఒక లాంతరు, మూడు రోజులకు సరిపడా అటుకులు, ముందు గొయ్యి ఉందేమో పొడిచి చూసుకోవడానికి పదడుగుల కర్ర. అటుకులు ఆ సాయంత్రమే అయిపోయాయి. కర్రల మీద బట్టలు ఆరేసుకున్నారు. ఇక మాయ అంటారా, మండలానికి ఏడాదికి ఒక్కటి. ఏప్రిల్ ఒకటిన జిల్లా నుంచి పోలీసు బందోబస్తుతో ఒక స్టీలు డబ్బా వచ్చేది, ఏలకుల డబ్బా అంత. దాన్ని బీరువాలో పెట్టి, వారానికోసారి తాకి చూసి, ‘వెచ్చగా ఉన్నది’ అని పుస్తకంలో రాయాలి. ఆ పని ఆఫీసు అటెండరు అప్పలనరసమ్మది. మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నం ఒంటిగంట లోపల వాడకపోతే డబ్బా దానంతటదే చల్లారిపోతుంది.

వాడాలంటే పై అనుమతి అక్కర్లేదు, కథనాధికారి సంతకం చాలు. కానీ మూల్యం ఉంది. మాయ ఊరికే వస్తే దుర్వినియోగమవుతుందని, సంతకం పెట్టినవాడు తన దగ్గరున్న ఒక గొప్ప వస్తువు పోగొట్టుకోవాలని ఉత్తర్వులో రాశారు. ఎవరు ఏది పోగొట్టుకోవాలో చివరి పేజీలో పట్టిక వేశారు. కథనాధికారులకు ఎదురుగా ‘గొంతు లేదా జ్ఞాపకం, ఏది శ్రేష్ఠమైతే అది’ అని ఉంది. పక్క మండలం అధికారి ఒక పిల్లకు చూపు తెప్పించాలని సంతకం పెట్టి జ్ఞాపకం పోగొట్టుకున్నాడు. ఇప్పుడాయన సాయంత్రం ఆఫీసు మెట్ల మీద నిలబడి మా ఇల్లెటు అని అందర్నీ అడుగుతుంటే, మెడలో అడ్రసు రాసిన అట్టముక్క కట్టారు. భానోజీరావు జ్ఞాపకం అంతంత మాత్రం. ఆయనకు ఏది పోతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదీ పరిస్థితి. ఇలా ఉండగా కార్తీకమాసంలో ఒక శుక్రవారం సన్యాసమ్మ వచ్చింది.

సన్యాసమ్మది పాలవలస. మొగుడు పైడయ్య కల్లుగీత కార్మికుడు, ముప్పై ఏళ్ళుగా తాటిచెట్లు ఎక్కుతున్నాడు. వాళ్ళ చూలు గేదె తప్పిపోయి మూడు రోజులైంది. ఆమె వరసలో చివర్న కూర్చుని, తన వంతు వచ్చాక, కొంగు సర్దుకుని, ఏం చేయదలచుకున్నారో చెప్పింది. పొలంగట్టు మీది తాడిచెట్టు మొగుడు ఎక్కుతాడు, పైనుంచి చూస్తాడు, గేదె ఏ పక్కనుందో కనబడుతుంది, వెళ్ళి తోలుకొస్తారు. ఇంతే. పైడయ్య అప్పటికే చెట్టు మొదట్లో మోకు నడుముకి చుట్టుకుని ఆఫీసు మాట కోసం కాచుకున్నాడు. గేదె దొరుకుతుందా లేదా అన్నదానికి ఒక్క పాచిక వేయిస్తే చాలు.

కానీ ఆ రోజు వరండాలో నలభైమందికి పైన ఉన్నారు. పొద్దుట్నుంచీ అన్నీ చప్పిడి పనులే తగిలాయి, జనం ఆవలిస్తున్నారు. భానోజీరావుకి అది గుచ్చుకుంది. తాడిచెట్టు అనగానే ఆయనకు ఊపొచ్చింది. ఆ చెట్టు ఎత్తు చెప్పాడు. కార్తీకపు గాలి చెప్పాడు. మట్టలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు నోటితోనే చేశాడు. కింద పొలాలు అరచేతిలో గీతల్లా ఎలా కనబడతాయో చెబుతుంటే ఆవలిస్తున్నవాళ్ళు నోరు మూసి ముందుకి జరిగారు. అదిగో, అక్కడ ఆగి, ఊపిరి బిగబట్టించి, “వెయ్యమ్మా పాచిక” అన్నాడు.

సన్యాసమ్మకి అర్థం కాలేదు. “దేనికి బాబూ?” అంది. “ఆయన రోజూ ఎక్కే సెట్టే గదా.”

గుమ్మం దగ్గర అప్పలనరసమ్మ దగ్గింది. ఇరవై రెండేళ్ళలో ఆమె అలా దగ్గడం అది రెండోసారి. పదకొండో నిబంధన ఆమెకూ తెలుసు. కానీ వరండా అంతా మెడలు చాచి చూస్తోంది, అప్పుడు వెనక్కి తీసుకుంటే కథ నీరుగారిపోతుంది. వెయ్యమ్మా, ఏం పర్లేదు అన్నాడు భానోజీరావు. ఆమె వేసింది. పాచిక దొర్లి, అట్టకి తగిలి, ఒకటి మీద నిలబడింది.

పైడయ్య మీద ఎవరికీ పగ లేదు. ఎక్కుతుంటే చీమ కుట్టిందనో, గేదె కనబడలేదనో చెప్పి ఊరుకుందామని భానోజీరావు మనసులో వెతుక్కున్నాడు. కానీ పథకం వచ్చాక ఏ అంకెకు ఏం జరగాలో చెప్పే పట్టిక మారింది, ఒకటికి శరీర గాయం తప్పనిసరి చేశారు. మోకు తెగింది అన్నాడాయన. అని ఊరుకున్నా పోయేది. తెగిన మోకు గాల్లో ఎలా మెలితిరిగిందో, తాడిచెట్టు కరుకు గుండెకెలా గీరుకుందో, నేల ఎంత నెమ్మదిగా పైకొచ్చిందో అంతా చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు. చివరి మాట అయ్యేసరికి సన్యాసమ్మ కూర్చున్న చోట లేదు. చెప్పులు కూడా గుమ్మం దగ్గరే వదిలేసి పరిగెత్తింది. గేదె ఆ సాయంత్రం దానంతటదే ఇంటికొచ్చింది.

పైడయ్య బతికాడు. పెద్దాసుపత్రిలో నెల్లాళ్ళు ఉంచుకుని, ఎముకలు అతికాయి గానీ నడుము కింద జీవం లేదని, ఇక ఈ మనిషి లేవడని చెప్పి పంపేశారు. సన్యాసమ్మ ఆ వచ్చిన మంగళవారమే వరండాలో ఉంది. వచ్చి ఏడవలేదు, తిట్టలేదు. మా ఆయన్ని లేపాలి బాబూ, డబ్బా ఉంది గదా అంది. ఆ మనిషి అడిగింది అదొక్కటే, నాలుగు నెలలూ అదొక్కటే. భానోజీరావు ఆమె మొహంలోకి చూడలేక పాత్ర పత్రం చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు బల్ల ఎత్తేశాక అప్పలనరసమ్మ పాచిక తుడుస్తూ, ఆ పాచిక ఆ తల్లి చేత వేయించకుండా ఉండాల్సింది సారూ అంది. అనాల్సింది అంతే ఉంది.

తప్పు తనదేనని ఆయనకు తెలుసు. వెంటనే సంతకం పెట్టేస్తానని ప్రతి సోమవారం అనుకునేవాడు. మంగళవారం పొద్దున స్నానం చేస్తూ గొంతు సవరించుకునేసరికి ఆ ఖంగుమనే ధ్వని వినబడి, ఇది లేకుండా నేనెవర్ని అనిపించేది. ముందు నుయ్యి వెనక గొయ్యి. అలాంటప్పుడు ఉద్యోగస్తుడు ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. వివరణ కోరుతూ పైకి రాశాడు.

నిజానికి ఎవర్నీ అడగాల్సిన పని లేదు, అధికారం ఆయనదే. అయినా కల్లుగీత కార్మికుడు లబ్ధిదారు నిర్వచనంలోకి వస్తాడా అని రాశాడు. వస్తాడని మార్గశిరంలో జవాబొచ్చింది. మాయ చేస్తే చూసేవాళ్ళు నివ్వెరపోవాలని ఉత్తర్వులో ఉంది గనక, ఒక పల్లెటూరి మనిషి లేచి నడవడం నివ్వెరపాటు కిందకి వస్తుందా అని రాశాడు. కనీసం పన్నెండుమంది నివ్వెరపోతే చాలునని సంక్రాంతి వెళ్ళాక జవాబొచ్చింది. ఆ పన్నెండుమందిలో బంధువులు ఉండవచ్చా అని మళ్ళీ రాశాడు. ఈలోగా సన్యాసమ్మ ప్రతి మంగళవారం వచ్చేది. ఫైలు పైకెళ్ళిందమ్మా అనేవాడు. పైకంటే ఏ పైకి బాబూ అని ఒకసారి అడిగింది. ఎగతాళికి కాదు, తెలియక అడిగింది. పొద్దున మొగుణ్ణి వీపు మీద పెరట్లోకి మోసుకెళ్ళి, తెచ్చి, మంచం మీద తిప్పి పడుకోబెట్టి, ఇటుకబట్టీకి కూలికి పోయి, మంగళవారం ఆ కూలి కూడా వదులుకుని వచ్చేది. భుజాల దగ్గర ఆమె రవిక రెండు పక్కలా చిరిగి ఉండేది. భానోజీరావు అది చూసేవాడు, చూసి ఫైలు మూసేవాడు.

మాఘమాసంలో డాక్టర్ వేణుమాధవ్ తనిఖీకి వచ్చాడు. పథకం ఎలా నడుస్తోందని అడిగి, పైడయ్య సంగతి విని, చూస్తానన్నాడు. పాలవలసలో ఆ పూరింటి ముందు జీపు ఆగింది. వేణుమాధవ్ మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. అంత పెద్దమనిషి అలా కూర్చోవడం పైడయ్య ఎన్నడూ చూడలేదు. వేణుమాధవ్ నిజంగానే కదిలిపోయాడు, అది దొంగ కన్నీరని అనకూడదు. ఒకప్పుడు మనుషులు ఏడాదికి పదిసార్లు పడి పదిసార్లు లేచేవారు, ఒక్కడి పేరైనా ఎవరికైనా గుర్తుందా అని అడిగాడు. మీ దెబ్బకి అర్థం ఉంది పైడయ్యగారూ అన్నాడు. గారు అన్నాడు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి, అందులో కూర్చోబెట్టి, దండ వేయించి, ఫొటో తీయించాడు. పైడయ్య దండ తడుముకుంటూ ఏడ్చాడు.

అప్పట్నుంచి గురువారం గురువారం కొత్త కథనాధికారులను శిక్షణలో భాగంగా పాలవలస తీసుకొచ్చేవారు. పైడయ్య కుర్చీలో కూర్చుని తను పడిన సంగతి చెప్పేవాడు. గాల్లో మోకు మెలితిరగడం, గుండెకి చెట్టు గీరుకోవడం, నేల నెమ్మదిగా పైకి రావడం, ఆ రోజు భానోజీరావు బల్ల దగ్గర చెప్పిన మాటలు నోటినోటా పాలవలస చేరి పొల్లుపోకుండా పైడయ్య నోట్లోకి వచ్చేశాయి. నిజంగా పడ్డప్పుడు ఎలా ఉందో ఆయనకు గుర్తులేదు. వచ్చినవాళ్ళు రాసుకునేవారు. పదిహేనుమందికి టీ సన్యాసమ్మ కాచేది. గ్లాసులు కడిగేదీ ఆమే. వాళ్ళు వెళ్ళిపోయాక, ఈ వొచ్చినోళ్ళలో నిన్ను లేపేవోడెవుడని మొగుణ్ణి అడిగేది. పైడయ్య కుర్చీ చేతులు తడుముకునేవాడు.

మార్చి ముప్పై ఒకటి మంగళవారం అయింది. ముందురోజు భానోజీరావు పై నుంచి వచ్చిన జవాబులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూసుకున్నాడు. అడగడానికి ఇంకో ప్రశ్న మిగల్లేదు. ఇక దాక్కోవడానికి చోటు లేదని తెలిసేసరికి ఆయనకు విచిత్రంగా మనసు తేలికపడింది. రేపు సంతకం పెట్టేద్దాం అనుకున్నాడు, ఈసారి నిజంగానే అనుకున్నాడు. తెల్లారి నడిచి ఆఫీసుకొస్తూ దారిలో కొట్ల మీది బోర్డులన్నీ పైకి చదివాడు. కిరాణా, ఎరువులు, సైకిలు రిపేరు, జెరాక్సు. తన గొంతు తాను ఆఖరిసారి వింటున్నానని అనుకున్నప్పుడు సైకిలు రిపేరు అన్న మాట కూడా ఎంత బాగుందో అని కళ్ళు తుడుచుకున్నాడు.

సన్యాసమ్మకి కబురు పంపాడు. మొగుణ్ణి స్వయంగా తీసుకురావాలి, ఎందుకంటే గాయపడినవాడు నోరు తెరిచి అడిగితేనే మాయ పనిచేస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదు, ప్రభుత్వం పెడుతుందా. పన్నెండున్నరకి ఆటో వచ్చి పైడయ్యను ప్లాస్టిక్ కుర్చీతో సహా దించి, ఇంకో బేరం ఉందని వెళ్ళిపోయింది. కుర్చీని బల్ల ముందుకు చేర్చారు. వరండాలో నలభైమంది. వాళ్ళలో పన్నెండుమందిని నివ్వెరపోయే సాక్షులుగా ఎంచి, వేలిముద్రలు తీసుకున్నారు. అప్పలనరసమ్మ బీరువా తెరిచి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. భానోజీరావు కలం మూత తీశాడు. చెయ్యి కాగితం మీద ఆనించాడు.

“పైడయ్యా,” అన్నాడు, “ఏం చేస్తావు?”

అది ఆ బల్ల దగ్గర అందర్నీ అడిగే ప్రశ్నే. లేస్తాను అంటే చాలు. పైడయ్య బల్లకేసి చూశాడు, డబ్బాకేసి చూశాడు, వెనక్కి తిరిగి వరండాకేసి చూశాడు. నలభైమంది తననే చూస్తున్నారు. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించాడు.

“నాను లేసిపోతే నన్నెవులు సూడొస్తారు బాబూ,” అన్నాడు. “తాడిసెట్టెక్కీవోణ్ణి ఎవులు కుర్సీలో కూకోబెడతారు? దెబ్బకో అర్దముందని పెద్దబాబు సెప్పినాడు. లేసిపోతే అదీ పోద్ది. నానిలగే ఉంటాను.”

అడుగు పైడయ్యా అని భానోజీరావు ఒక్క మాట అంటే సరిపోయేది. పిచ్చివాడా, నీ పెళ్ళాం భుజాలు చూడు అని అన్నా సరిపోయేది. మనుషుల్ని తాటిచెట్ల మీద నుంచి పడేసిన గొంతు అది, ఒక మనిషి మనసు తిప్పలేక కాదు. ఆయన అనలేదు. కలం మూత పెట్టేశాడు. ఒళ్ళంతా ఏదో చల్లని హాయి పాకింది. ఇంత సంతోషం తన జీవితంలో ఎప్పుడూ కలగలేదని ఆయనకు తెలిసింది, అది ఎందుకు కలిగిందో కూడా తెలిసింది. అప్పుడు సిగ్గేసింది. సిగ్గు వల్ల సంతోషం ఏమీ తగ్గలేదు.

“ఆయనన్నాడని రాసీసుకోకండి బాబూ,” అంది సన్యాసమ్మ. ఆమె గొంతు పెద్దది కాలేదు. “నాలుగు నెల్ల బట్టి తిరుగుతన్నది నాను. ఆయన కాదు.”

గాయపడినవాడి మాటే మాట అని భానోజీరావు నెమ్మదిగా చెప్పాడు. నిబంధన అంకె కూడా చెప్పాడు. గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. అప్పలనరసమ్మ డబ్బా మీద చెయ్యి వేసి, అలాగే కాసేపు ఉంచి, తీసి, పుస్తకంలో రాసుకుంది. ఆమె ఆ పుస్తకం మూసిన చప్పుడు అందరికీ వినబడింది.

“అయితే నన్నడగండి,” అంది సన్యాసమ్మ. “నానేటి సేస్తానో ఈ బల్ల కాడ ఎవులూ అడగనేదు.”

న్యాయంగా ఆమెకూ ఒక వంతు ఉంది. భానోజీరావు అడిగాడు.

“మోస్తాను,” అంది.

అని ఆమె కుర్చీ ముందు వీపు తిప్పి గొంతుక్కూర్చుంది. పైడయ్య చేతులు రెండూ తన మెడ మీదుగా లాక్కుని, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని లేచింది. పాలవలస అక్కడికి నాలుగు మైళ్ళు. ఆమె రోజూ చేసే పనే గనక ఈసారి పాచిక వేయించలేదు. కానీ బల్ల దగ్గర ఎవరైనా ఏం చేస్తారో చెప్పాక దాన్ని కథగా చెప్పడం అధికారి విధి, కాబట్టి భానోజీరావు కళ్ళు సగం మూసి మొదలుపెట్టాడు. అప్పుడేమైందంటే, ఆమె లేచింది అన్నాడు. మొదటి అడుగు చెప్పాడు. రెండో అడుగు చెప్పాడు. ఆ మెడ నరం ఎలా ఉబ్బిందో, పైడయ్య కాళ్ళు నేల మీద ఎలా ఈడ్చుకుపోతున్నాయో, గుమ్మం దగ్గర ఆమె ఒక్క క్షణం ఎలా ఆగిందో చెప్పాడు. గొంతు అంత నిండుగా, అంత తియ్యగా ఆయనకు ఎన్నడూ పలకలేదు. వరండాలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొగవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. వేలిముద్రలు వేసిన పన్నెండుమందీ, వాళ్ళతో పాటు మిగతావాళ్ళూ నిజంగానే నివ్వెరపోయి చూశారు.

సన్యాసమ్మ వాళ్ళ మధ్య నుంచే నడిచింది. ఎవరో మోకాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. మెట్ల దగ్గర పైడయ్య పాదాలు ఒకదాని తరవాత ఒకటి రాతికి కొట్టుకున్నాయి. ఒక్క మనిషి లేచి ఆ కాళ్ళు ఎత్తి పట్టుకుంటే ఆమెకు సగం బరువు తగ్గేది. అలా అనిపించినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కూడా. కానీ భానోజీరావు ఇంకా చెబుతూనే ఉన్నాడు, కథ మధ్యలో లేవడం మర్యాద కాదని కూర్చున్నారు.